ఫోన్ తాకించి బిల్లు కడుతున్నారా? దాని వెనక ఏ ఖాతా ఉందో ముందు చూడండి

ప్రశ్న: నేను కాకినాడలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. వయసు 48 ఏళ్లు. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అబ్బాయి నా జీతం ఖాతా డెబిట్ కార్డును ఫోన్‌లో ఎక్కించి, సూపర్‌మార్కెట్‌లో స్వైప్ మిషన్‌కు ఫోన్ తాకిస్తే చాలని చూపించాడు. సౌకర్యంగానే ఉంది. కానీ మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచినదానితో కలిపి ఆ ఖాతాలో 3,40,000 రూపాయలు ఉన్నాయి. పిన్ అడగకుండానే డబ్బు పోతుంటే భయం వేస్తోంది. బస్సులో ఎవరైనా మిషన్‌ను మన సంచికి ఆనించి డబ్బు లాగేయవచ్చని తోటి టీచర్లు అంటున్నారు. నెలకు 11,000 అయ్యే ఇంటి సరుకుల ఖర్చు ఇప్పుడు 14,000 అవుతోంది. పైగా ఒకసారి ఖాతాలోంచి 2,860 రూపాయలు తగ్గినా స్లిప్పు రాలేదు. దుకాణం వారు నగదు కట్టించుకున్నారు, ఖాతాలోంచి పోయిన సొమ్ము 12 రోజుల తరువాత గానీ తిరిగి రాలేదు. దీన్ని మానేసి నగదుకే వెళ్లమంటారా, లేక క్రెడిట్ కార్డు పెట్టుకోమంటారా?

జవాబు: మానేయవలసిన అవసరం లేదమ్మా. మీ అబ్బాయి నేర్పిన పద్ధతిలో తప్పు లేదు. మార్చవలసినది ఫోన్ వెనక ఉన్న ఖాతాను. అమ్మాయి చదువు డబ్బూ, ఉప్పూ పప్పూ కొనే డబ్బూ ఒకే ఖాతాలో ఉండటమూ, ఆ ఖాతా తాళం రోజూ బజారుకు తీసుకువెళ్లే ఫోన్‌లో ఉండటమూ నన్ను కలవరపెడుతున్నాయి.

ముందు మీ భయాల సంగతి చూద్దాం. మీ కార్డును ఫోన్‌లో ఎక్కించినప్పుడు కార్డు మీద ఉన్న 16 అంకెలు అందులో ఉండిపోవు. వాటికి బదులుగా ఆ ఫోన్‌కు మాత్రమే పనికివచ్చే మరొక సంఖ్య తయారవుతుంది. దీన్నే టోకెన్ అంటారు. రిజర్వ్ బ్యాంకు 2019 జనవరిలో ఈ పద్ధతికి అనుమతి ఇచ్చింది. మీరు ఫోన్ తాకించిన ప్రతిసారీ ఆ టోకెన్‌తో పాటు ఆ ఒక్క చెల్లింపుకు మాత్రమే చెల్లే రహస్య సంకేతం మిషన్‌కు వెళుతుంది కాబట్టి, దాన్ని ఎవరైనా పట్టుకున్నా రెండోసారి వాడుకోలేరు. మీ దగ్గర ఉన్న స్లిప్పును ఒకసారి తీసి చూడండి. అందులో కనిపించే చివరి నాలుగు అంకెలు మీ కార్డు మీద ఉన్నవి కాకపోవచ్చు. అవి టోకెన్ అంకెలు. వాటిని చూసి వేరెవరి కార్డు నుంచో డబ్బు పోయిందని కంగారుపడి నాకు రాసినవారు ఉన్నారు. సరుకు వాపసు ఇవ్వవలసి వచ్చినప్పుడు దుకాణం వారు ఆ అంకెలతోనే పాత చెల్లింపును వెతుకుతారు కాబట్టి స్లిప్పు దాచుకోండి.

బస్సులో మిషన్ ఆనించే భయం గురించి చెప్పాలంటే, ఈ విషయంలో ప్లాస్టిక్ కార్డు కన్నా ఫోనే నయం. రెండింటిలోనూ పనిచేసేది ఎన్‌ఎఫ్‌సీ అనే రేడియో సంకేతం. అది నాలుగైదు సెంటీమీటర్లు దాటి పనిచేయదు. సంచిలోని కార్డుకు తాళం ఉండదు గానీ, ఫోన్‌కు ఉంటుంది. మీ ఫోన్ సెట్టింగ్‌లలో ఎన్‌ఎఫ్‌సీ దగ్గరకు వెళ్లి, తాళం తీస్తేనే పనిచేయాలన్న ఎంపిక ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి. ఒక మాట చనువుగా చెబుతాను. మీరు రోజంతా పిల్లల మధ్య ఉంటారు, గీత గీసి తాళం తీసే పద్ధతిని వారు ఒకటి రెండుసార్లు చూసినా పట్టేస్తారు. వేలిముద్ర పెట్టుకుని, దానికి తోడుగా ఉండే పిన్‌ను ఆరు అంకెలది చేసుకోండి. పుట్టిన సంవత్సరమూ, బండి నంబరూ పెట్టకండి.

పిన్ అడగకపోవడం మిషన్ లోపం కాదు, నిబంధనే అలా ఉంది. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు తాకించి చేసే కార్డు చెల్లింపుకు పిన్ అక్కరలేదు. అంతకు ముందు ఈ పరిమితి 2,000 ఉండేది. 5,000 దాటితే మిషన్ మీద పిన్ నొక్కాలి. ఈ పరిమితి గరిష్ఠం మాత్రమే. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్‌లలోకి వెళ్లి దాన్ని మీరు 2,000కు గానీ, 1,500కు గానీ తగ్గించుకోవచ్చు, రోజువారీ పరిమితి కూడా పెట్టుకోవచ్చు. టోకెన్ చెల్లింపులకు ఇటువంటి పరిమితులు పెట్టుకునే వీలు ఖాతాదారుకు ఉండాలని రిజర్వ్ బ్యాంకే ఆదేశించింది.

ఇక అసలు పని. మరొక పొదుపు ఖాతా తెరవండి. దాన్ని ఇంటి ఖర్చుల ఖాతా అనుకోండి. జీతం పడిన మరునాడు 12,500 రూపాయలు దానంతట అదే అందులోకి వెళ్లేలా మీ బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఫోన్‌లోంచి జీతం ఖాతా కార్డును తీసేసి, ఈ కొత్త ఖాతా కార్డును మాత్రమే ఎక్కించండి. ఆ కార్డు మీ ఫోన్‌లో తాకించే చెల్లింపుకు పనికివస్తుందో లేదో ఖాతా తెరిచే ముందే అడిగి తెలుసుకోండి, అన్ని బ్యాంకుల డెబిట్ కార్డులకూ ఆ వీలు లేదు. జీతం ఖాతా కార్డుకు తాకించి చెల్లించే సౌకర్యాన్ని యాప్‌లో ఆఫ్ చేసి, కార్డును ఇంట్లో బీరువాలో ఉంచండి. కనీస నిల్వ లేకపోతే జరిమానా పడుతుందేమోనన్న సందేహం వస్తుంది. స్టేట్ బ్యాంకు 2020లోనే ఆ జరిమానాను ఎత్తివేసింది, మరికొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు 2025లో అదే దారి పట్టాయి. డెబిట్ కార్డుకు ఏటా తీసుకునే రుసుము ఎంతో మాత్రం కౌంటరులో తప్పక అడగండి.

ఇలా చేస్తే ఫోన్ పోయినా, ఎవరైనా మాయమాటలతో మీ చేతే పిన్ చెప్పించినా, ఆ కార్డు ద్వారా పోయేది ఆ నెల సరుకుల డబ్బే. జీతం ఖాతాకు యూపీఐ కూడా అదే ఫోన్‌లో ఉంటే దాన్ని కూడా కొత్త ఖాతాకు మార్చండి, లేకపోతే ముందు తలుపు వేసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టే అవుతుంది.

11,000 ఖర్చు 14,000 అయిందన్నారు. అందులో ధరల పెరుగుదల ఎంత, మీ చేయి జారినది ఎంత అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ బిల్లులే చెప్పాలి. మూడు నెలల బిల్లులు ముందు వేసుకుని, ఇంటి నుంచి రాసుకు వెళ్లిన చీటీలో లేని వస్తువులకు పెన్సిలుతో గీత గీయండి. నగదు ఇచ్చేటప్పుడు అయిదు వందల నోటు చేయి దాటడం కంటికి కనిపిస్తుంది. ఫోన్ తాకిస్తే మిషన్ ఒక్కసారి కూత పెడుతుంది, అంతే. నెలకు 3,000 రూపాయలను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, వడ్డీ ఏడాదికి 7 శాతం అనుకున్నా, పదేళ్లలో మీరు కట్టిన 3,60,000 రూపాయలు దాదాపు 5,19,000 అవుతాయి. అందుకే కొత్త ఖాతాలోకి 14,000 కాకుండా 12,500 అని రాశాను. నాలుగు నెలలు నడిపి, నిజంగా చాలకపోతే పెంచండి. ఇల్లు ఇబ్బంది పడేలా బిగించవద్దు.

క్రెడిట్ కార్డు మీకు ఇప్పుడు వద్దంటాను. దొంగ లావాదేవీ జరిగినప్పుడు పోయేది బ్యాంకు ఇచ్చిన అప్పే గానీ మన నిల్వ కాదన్న ప్రయోజనం దానికి ఉన్న మాట నిజమే. అయితే గడువులోగా మొత్తం కట్టకుండా కనీస మొత్తంతో సరిపెడితే చాలా కార్డుల మీద నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది. ఖర్చు ఎక్కడ పెరిగిందో ఇంకా తేలని సమయంలో ఆ దారి పట్టకండి.

ఫోన్ పోతే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించండి. మొదట ఇంట్లో మరొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి టోకెన్‌నూ యూపీఐనీ నిలిపివేయించాలి, తరువాత సిమ్ ఆపించాలి, డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి. తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాలలోగా ఫిర్యాదు చేసినవారికి నష్టం ఏమీ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే సాధారణ పొదుపు ఖాతాదారు భరించవలసినది గరిష్ఠంగా 10,000 రూపాయలు. పిన్ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం మనదే. ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటి ఉంది. డబ్బు పోయిందని చెప్పే ఎస్సెమ్మెస్ వచ్చేది కూడా ఆ పోయిన ఫోన్‌కే. అందువల్ల ఈమెయిల్ సమాచారం కూడా వచ్చేలా బ్యాంకులో నమోదు చేయించి, ఆ ఈమెయిల్ ఇంట్లో మరో ఫోన్‌లో తెరుచుకునేలా ఏర్పాటు చేసుకోండి.

చివరగా మీ 2,860 రూపాయల విషయం. దీన్ని వదిలేయకండి. ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణంలో స్లిప్పు రాని చెల్లింపును లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజులలోగా బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. ఆ తరువాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున, మీరు అడగకపోయినా, పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు నాటి ఆదేశం. మీకు సొమ్ము 12 రోజుల తరువాత వచ్చింది కాబట్టి ఆలస్యం 7 రోజులు, రావలసినది 700 రూపాయలు. పాస్‌బుక్ చూడండి. అది జమ కాకపోతే డబ్బు తగ్గిన తేదీ, తిరిగి జమ అయిన తేదీ, దుకాణంలో నగదు కట్టిన బిల్లు నకలు జతచేసి శాఖకు రాతపూర్వకంగా ఇచ్చి, మీ ప్రతి మీద రసీదు ముద్ర వేయించుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. ఇకపై స్లిప్పు రాకపోతే రెండోసారి తాకించే ముందు, నగదు తీసే ముందు, ఖాతా నిల్వ ఒకసారి చూసుకోండి. డబ్బు తగ్గి ఉంటే, చెల్లింపు అందలేదని దుకాణం వారి చేత బిల్లు వెనక రాయించుకుని, ఆ తరువాతే మళ్లీ కట్టండి.