తాగుడు మానేశారు, కానీ ఇంట్లో ఉండటం లేదు

ప్రశ్న: మావారు సైక్లిస్టు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. పదిహేనేళ్ళు రైల్వే తరఫున నేషనల్స్‌లో తొక్కారు, ఎక్కువగా ట్రాక్ మీద టీమ్ పర్స్యూట్ అనే జట్టు రేసు. సగం ఏడాది ఢిల్లీ క్యాంపుల్లోనే ఉండేవారు. 35 ఏళ్ళకి టీమ్‌లోంచి తీసేశారు. ఆ తర్వాత రెండేళ్ళు మాకు నరకం. మెడల్స్ ట్రంకు పెట్టెలో పడేసి అటక ఎక్కించారు, సైకిల్ ముట్టుకోలేదు, డ్యూటీ అవ్వగానే తాగడం మొదలైంది. పోయిన ఏడాది పాత స్నేహితుడొకాయన ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా చేసే పోటీ) అని లాక్కెళ్ళాడు. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. సంతోషమే, కానీ ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళిపోతారు, సాయంత్రం స్విమ్మింగ్ పూల్, ఆదివారం మధ్యాహ్నం దాకా సైకిలే. గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ అనే పెద్ద ట్రయథ్లాన్ చేస్తారట, దానికి సొసైటీ లోన్ పెట్టి కొత్త సైకిల్ కొంటారట. పాప ఆరో తరగతి, బాబు యూకేజీ. అన్నీ నేనే. రెండు వారాలుగా మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతున్నారు. రాత్రి నేను పడుకున్నాననుకుని కుడికాలి ముందెముక మీద ఒకేచోట బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నారు. అడిగితే ఏం లేదంటారు. మా అత్తయ్య "వాడు మళ్ళీ మనిషయ్యాడు, అడ్డం పడకు" అంటారు. వద్దంటే మళ్ళీ తాగుతారేమోనని భయం, సరే అంటే నేనూ పిల్లలూ ఏమైపోతామో తెలీదు. ఏం చెయ్యను? (సికింద్రాబాద్ నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు చివర్లో ఎక్కడో రాసిన కాలి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ నెల ఆగినా ఫర్వాలేదు, అది ఆగదు. కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్ళకి మామూలుగా వచ్చే షిన్ నొప్పి ముందెముక లోపలి అంచు పొడవునా సలుపుతుంది, ఎక్కడ అని అడిగితే అరచేత్తో రాసి చూపిస్తారు. మీవారు బొటనవేలితో ఒక్కచోటే నొక్కుకుంటున్నారు, మెట్లు దిగడానికి కూడా కష్టపడుతున్నారు. ఇది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక మొదలైన లక్షణం కావచ్చు. కాకపోతే మంచిదే, కానీ చూపించకుండా తెలీదు. ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి, వీలైతే క్రీడాకారుల్ని చూసే డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్ళండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం మామూలు, కాబట్టి "ఎక్స్‌రే నార్మల్" అన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చేయకండి, ఎమ్మారై అవసరమా అని అడగండి. అప్పటిదాకా పరుగు పూర్తిగా బంద్. నొప్పి అణచుకుని పరిగెత్తితే ఆ సన్నటి చీలిక పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది.

పదిహేనేళ్ళు నేషనల్స్‌లో తొక్కిన మనిషికి ఇలా ఎందుకవుతుందని మీకు అనిపించొచ్చు, ఆయనకైతే ఇంకా గట్టిగా అనిపిస్తుంది, అందుకే దాస్తున్నారు. సైకిల్ మీద ఒంటి బరువంతా సీటు, పెడల్స్, హ్యాండిల్ మోస్తాయి, కాలి ఎముకకి నేల దెబ్బ తగలదు. దెబ్బ తగిలితేనే ఎముక గట్టిపడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి సైకిల్ తప్ప ఇంకేం చెయ్యనివాళ్ళలో, ముఖ్యంగా రోడ్డు సైక్లిస్టుల్లో, వెన్నెముక దగ్గర ఎముక సాంద్రత తక్కువగా ఉండటం చాలామంది డాక్టర్లు గమనించిన విషయమే. ట్రాక్ వాళ్ళు కూడా ట్రైనింగ్‌లో ఎక్కువ కిలోమీటర్లు రోడ్డు మీదే తొక్కుతారు. గుండె, ఊపిరితిత్తులు మాత్రం జాతీయ స్థాయివి. రోజుకి పది కిలోమీటర్లు పరిగెత్తినా ఆయనకి ఆయాసం రాదు, ఆయాసం రాదు కాబట్టి ఆగరు, ఈలోగా ఎముకలూ, కండరాల్ని వాటికి కలిపే స్నాయువులూ వెనకబడిపోతాయి. ఆటో బాడీకి లారీ ఇంజన్ బిగించినట్టుంది ఇప్పుడు ఆయన ఒళ్ళు. డాక్టర్ని కలిసినప్పుడు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష గురించి కూడా అడగండి. బరువు తగ్గాలని అన్నం మానేస్తున్నారేమో గమనించండి, సరిపడా తినకుండా ఇంత కష్టపడితే ఎముక అతుక్కోదు.

ఇక ట్రయథ్లాన్ సంగతి. ఇదేదో మీవారికి ఒక్కరికే పట్టిన పిచ్చి అనుకోకండి. యూరప్‌లో జీతానికి తొక్కిన పెద్ద పెద్ద సైక్లిస్టులు రిటైరయ్యాక ఇటే వచ్చారు. ఆడమ్ హాన్సెన్ అనే ఆస్ట్రేలియన్, మూడేసి వారాలు సాగే గ్రాండ్ టూర్ రేసులు వరుసగా 20 పూర్తిచేసిన మనిషి, 2020లో ప్రొఫెషనల్ సైక్లింగ్ వదిలి ఐరన్‌మ్యాన్ (హాఫ్‌కి రెట్టింపు దూరం) వైపు వెళ్ళాడు. అమెరికన్ ఆండ్రూ టలాన్స్కీ 2014లో ఫ్రాన్స్‌లో డోఫినే రేసు గెలిచినవాడు, 28 ఏళ్ళకే 2017లో రిటైరై ట్రయథ్లాన్‌లో దిగాడు. ఆస్ట్రేలియా సైక్లిస్టు కామెరాన్ వర్ఫ్ కథ మీవారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. 2017లో హవాయి ఐరన్‌మ్యాన్‌లో 180 కిలోమీటర్ల సైకిల్ విభాగం రికార్డు బద్దలుకొట్టాడు, మరుసటి ఏడాది తన రికార్డు తనే మళ్ళీ దాటాడు. అయినా ఆ రెండేళ్ళూ రేసు గెలవలేదు, సైకిల్ దిగాక ఇంకా మారథాన్ ఉంటుంది కదా, అక్కడ పరుగు వచ్చినవాళ్ళు దాటేశారు. అదీ ఆయన సైక్లింగ్‌కి ముందు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రోయింగ్ (తెడ్లతో పడవ పోటీ) చేసిన మనిషి. అంత శరీరానికే పరుగు లొంగడానికి ఏళ్ళు పట్టింది.

నాకు వీళ్ళందరికంటే మీవారికి పనికొచ్చే మనిషి లోరాన్ జలబేర్ అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఇంటింటికీ తెలిసిన సైక్లిస్టు, 1997లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) ప్రపంచ ఛాంపియన్. 2002లో రిటైరయ్యాడు, 2005లో న్యూయార్క్ మారథాన్ పరిగెత్తాడు, 2007లో స్విట్జర్లాండ్‌లో ఐరన్‌మ్యాన్ చేశాడు. మధ్యలో ఎన్నేళ్ళున్నాయో చూడండి. మీవారేమో రెండేళ్ళు ఏ వ్యాయామం లేకుండా ఉండి, ఒక్క ఏడాదిలో 1.9 కిలోమీటర్ల సముద్రం ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21 కిలోమీటర్ల పరుగు చేసేయాలంటున్నారు. ఆయన ఆట నాలుగు కిలోమీటర్ల రేసు, నలుగురు కలిసి నాలుగు నిమిషాల పైచిలుకులో ముగించేది. ఇది ఒంటరిగా అయిదారు గంటలు. ముందువాడి చక్రం వెనక దాక్కుని గాలి తప్పించుకోవడం ఆయనకి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు, ఇక్కడ అలా చేస్తే పెనాల్టీ వేస్తారు. నీళ్ళలో సైక్లిస్టుల తొడలు కిందికి లాగుతాయి, గట్టి సోలున్న షూస్‌లో ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన చీలమండ వంగదు, తన్నినకొద్దీ అలసటే. అంటే సైకిల్ ఒక్కటి తప్ప మిగతా అన్నింట్లో ఆయన కొత్తవాడే. దీన్ని ఒప్పుకోవడం ఛాంపియన్‌కి చాలా కష్టం.

ఇక్కడే ఇంకో మాట. కోపం తెచ్చుకోకుండా వినండి. ఆయన ఇంట్లో కూడా కొత్తవాడే. పెళ్ళయినప్పటి నుంచి మీరు చూసింది క్యాంపు నుంచి వచ్చి వెళ్ళే మనిషిని. క్యాంపులో ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎన్ని ల్యాప్‌లు తొక్కాలో, ఎప్పుడు పడుకోవాలో వేరేవాళ్ళు చెప్తారు, స్టాప్‌వాచ్ చూసి శభాష్ అంటారు. టీమ్‌లోంచి తీసేసిన మర్నాటి నుంచి స్పెషల్ లీవులు లేవు, అందరిలాగే పూర్తి డ్యూటీ, పక్క సీటు ఆయనకి ఈయనెవరో కూడా తెలీదు. ఇంటికొస్తే పాప హోంవర్క్ ఏ పుస్తకంలో ఉంటుందో తెలీదు, బాబు ఏం తింటాడో తెలీదు, మీరు ఒక్కరే అన్నీ చకచకా చేసేస్తుంటారు, తను ఎక్కడ చెయ్యి పెట్టాలో అర్థం కాదు. నా దగ్గరికి వచ్చే మాజీ క్రీడాకారుల్లో చాలామంది సరిగ్గా ఈ చోటే కూలబడతారు. కొందరు మందులోకి పోతారు, కొందరు కొత్త టైమ్‌టేబుల్ ఇచ్చే ఇంకో ఆట వెతుక్కుంటారు. మీవారు మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి వచ్చారు. అది పెద్ద విషయమే, మీ అత్తయ్య సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ ఆవిడ కొడుకు మనిషయ్యాడు సరే, మీకు భర్త, పిల్లలకి నాన్న ఇంకా రాలేదు. మీరు అడుగుతున్నది అదే, అది అడగడం అడ్డం పడటం కాదు.

తాగుడు గురించి మీ భయం న్యాయమైనదే. అయితే ఆయన తాగకుండా ఉండటానికి మీరు కాపలాదారు కాదు, మీరు నోరు మూసుకుంటే తాగరు, నోరు తెరిస్తే తాగుతారు అనే లెక్క మీ మీద వేసుకోకండి. నాకు అసలు టెన్షన్ ఇంకోచోట ఉంది. కాలికి నిజంగా చీలిక ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, పరుగు ఉండదు. మందు మానడానికి ఆయన పట్టుకున్న ఏకైక ఊతం ఆ రోజు నుంచి సగం ఊడిపోతుంది. సాయంత్రం ఆరుకి ఖాళీగా ఇంట్లో కూర్చోవడం ఆయనకి చాలా ప్రమాదమైన సమయం. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందే ఆ సాయంత్రాలకి ఏదో ఒకటి అనుకోండి. డాక్టర్ ఒప్పుకుంటే ఈత కొనసాగించొచ్చు, ఆ పూల్‌కి పాపని కూడా తీసుకెళ్ళమనండి, ఇద్దరూ ఒకే కోచ్ దగ్గర నేర్చుకోవచ్చు, పాప ముందు నేర్చేసుకుంటే ఇంకా మంచిది. మళ్ళీ మందు మీదికి మనసు పోతుందని ఆయనకే అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యమనండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చెయ్యొచ్చు, ఇన్నేళ్ళు ఒక్కరే లాగిన మనిషికి కూడా మాట్లాడే చోటు ఉండాలి.

డబ్బు విషయంలో నేను మొహమాటపడను. సొసైటీ లోన్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. ట్రయథ్లాన్ సైకిల్ లక్షల్లో ఉంటుంది, మొదటి రెండేళ్ళు అది అక్కర్లేదు. ఆయన దగ్గరున్న రోడ్ బైక్‌కే ముంజేతులు ఆనించుకునే ఏరో బార్లు బిగించుకోవచ్చు, ఖర్చు దాంట్లో చిన్న వంతు. ఆయనకి తక్కువగా ఉన్నవి ఈత, పరుగు, వాటిని ఏ సైకిలూ కొనిపెట్టదు. ఖర్చు పెట్టాలనుంటే మంచి ఈత కోచ్‌కీ, ఫిజియోకీ పెట్టమనండి. గోవా కూడా ఈ ఏడు వద్దు. కాలు నయమయ్యాక స్ప్రింట్ దూరం, అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే చిన్న రేసు ఒకటి చెయ్యమనండి. సముద్రంలో దిగేముందు చెరువులోనో రిజర్వాయర్‌లోనో కోచ్ పక్కనుండగా నేర్చుకోవాలి, పూల్‌లో గోడ దొరుకుతుంది, అలల్లో దొరకదు. గోవా ఎక్కడికీ పోదు.

ఇవన్నీ ఆయనతో ఎలా చెప్పాలంటారా? పొద్దున్నే చెమటతో వచ్చినప్పుడు కాదు, రాత్రి పదింటికి కాదు. పిల్లలు స్కూల్లో ఉన్న, ఆయనకి రెస్ట్ ఉన్న రోజు కూర్చోబెట్టి చెప్పండి. "మీరు ట్రయథ్లాన్ మానొద్దు, నాకు ఆ సైకిలంటే కోపం లేదు. మీరు రాత్రి కాలు నొక్కుకోవడం నేను చూశాను. ముందు దాన్ని చూపిద్దాం. తర్వాత వారంలో మూడు పొద్దుటలు మీవి, మూడు నావి, ఆ మూడు రోజులు బాబుని స్కూల్ ఆటో ఎక్కించేది మీరు. ఆదివారం పది దాటాక ఇంట్లో ఉండాలి." ఇంతే. మెడల్స్ గురించి, తాగిన రోజుల గురించి, అత్తయ్య గురించి ఆ పూట ఎత్తకండి. ఆయన లేచి వెళ్ళిపోవచ్చు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. వెనక్కి తగ్గకండి, గొంతూ పెంచకండి. మూడు పొద్దుటలు తీసుకున్నాక ఆయన మొదట్లో బాబుకి షూస్ తారుమారుగా వేస్తారు, టిఫిన్ బాక్స్ మర్చిపోతారు. పక్కన నిలబడి సరిదిద్దకండి, ఈతలాగే అదీ ఆయన తప్పులు చేసే నేర్చుకోవాలి. ఆ మూడు రోజులూ మీరు కాసేపు ఎక్కువ నిద్రపోండి, లేదా నడకకి వెళ్ళండి, మీ ఇష్టం.

అపాయింట్‌మెంట్ మాత్రం ఆయన్ని తీసుకోమని వదిలేయకండి, మీరే ఫోన్ చేసి టైమ్ తీసుకుని, డ్యూటీ చూసుకుని, మీరూ వెంట వెళ్ళండి. ఆయన డాక్టర్ దగ్గర "కొంచెం పట్టేసింది అంతే" అంటారు, మీరు మెట్లు దిగే సంగతి, బొటనవేలితో నొక్కుకునే సంగతి, ఎన్నాళ్ళ నుంచో చెప్పండి. ఆయన పరిగెత్తే షూస్ కూడా సంచిలో వేసుకెళ్ళండి, అరిగిన సోల్ చూస్తే పాదం ఎలా పడుతుందో వాళ్ళకి కొంత తెలుస్తుంది.