ఇత్తడిని కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుందేం?

తిరుపతిలో ఇత్తడి సామాన్లు చేసే ఒకాయన రేకును మధ్యమధ్యలో కాల్చి నీళ్లలో ముంచడం చూశానని, ఉక్కయితే అలా గట్టిపడుతుంది కదా అని ఒకరు అడిగారు.

ఇత్తడిని గట్టిపరిచేది సుత్తి దెబ్బ. కొట్టేకొద్దీ లోపలి స్ఫటికాలు నలిగి చిక్కుపడతాయి, రేకు బిగుసుకుంటుంది, సుత్తి టంగుమని ఎగిరిపడుతుంది. అప్పుడూ ఆపకపోతే అంచు చీలుతుంది. 500, 600 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే నలిగినవాటి చోట కొత్త స్ఫటికాలు పుట్టి రేకు మళ్లీ లొంగుతుంది. ఆ పని పొయ్యి మీదే అయిపోతుంది. నీళ్లు త్వరగా చల్లార్చడానికే, గాలికి వదిలేసినా అంతే మెత్తన.

నీడలో చూస్తూ కాల్చాలి, ముదురు ఎరుపు తిరగ్గానే తీసెయ్యాలి. మరీ కాలిస్తే స్ఫటికాలు పెరిగి, తర్వాత వంచినచోట నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. ఇత్తడిలోని జింకు ఆవిరై తెల్లపొగ కూడా వస్తుంది, అది పీలిస్తే జ్వరం రావచ్చు.

అసలు కాల్చకపోయినా చిక్కే. బ్రిటిష్ కాలంలో మన దేశంలో, వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ పెట్టిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. సాగదీసినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడికి తేమ, గుర్రాల మూత్రంలోని అమ్మోనియా తోడయ్యాయి. పని ముగిశాక 250, 300 డిగ్రీల దగ్గర కాసేపు కాచితే గట్టితనం పెద్దగా తగ్గకుండానే ఆ ఒత్తిడి చాలావరకు పోతుంది.