పాతబస్తీని గైడుతో నడిచి చూడబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఆదివారం ఆఫీసు స్నేహితులతో కలిసి చార్మినార్ దగ్గర గైడుతో నడక పెట్టుకున్నామనీ, ఏమేం చూడాలో రాయమనీ అడిగావు. చూడవలసినవి గైడు ఎలాగూ చెబుతారు. వదులుకోవలసినవి మాత్రం మీరే ముందుగా నిర్ణయించుకోవాలి. రెండు మూడు గంటల్లో చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ చూపిస్తామనే వారికి డబ్బు కట్టవద్దు. చౌమహల్లాకే ఒక పూట కావాలి, మ్యూజియం సంగతి చెప్పనక్కరలేదు. చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, పత్తర్‌గట్టీ బజారుల మీదుగా, మొహర్రం సంతాపం పాటించే బాద్‌షాహీ అషుర్‌ఖానా దాకా సుమారు కిలోమీటరు దారి ఉంటుంది. ఒక ఉదయానికి అది చాలు. బృందం పదిహేను మందిని మించితే వెనకనున్నవారికి హారన్లు తప్ప గైడు మాట వినిపించదు కనుక ఆ లెక్క కూడా ముందే అడుగు.

ఏడు గంటలకల్లా నడక మొదలయ్యేలా చూసుకోండి. ఎండ సంగతి అలా ఉంచితే, షట్టర్లు దించి, తోపుడు బళ్ళు ఇంకా రాని ఆ వేళలోనే చార్ కమాన్ అనే నాలుగు కమాన్లూ ఒకదానికొకటి ఎదురుగా ఎలా నిలబడ్డాయో, వాటి నడుమ గుల్జార్ హౌజ్ ఎందుకుందో కంటికి ఆనుతుంది. పత్తర్‌గట్టీలో దుకాణాల బోర్డుల మీదుగా తలెత్తి చూడండి. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో కట్టిన ఆ రాతి కమాన్ల వరుస, కింద బట్టల బేరంలో మునిగినవారికి కనబడదు.

గైడు మంచివాడో కాదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "ఇది ఎక్కడ రాసి ఉందండీ?" ప్లేగు తగ్గినందుకు చార్మినార్ కట్టారనీ, అక్కడి నుంచి గోల్కొండకు సొరంగం ఉందనీ, భాగమతి కోసమే ఊరు వెలసిందనీ చాలామంది ఒకే ఊపులో చెప్పేస్తారు. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడనీ, ఆ ఏడే హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైందనీ చెప్పి, మిగిలినవాటిలో జనం చెప్పుకునేది ఏదో, ఆధారం ఉన్నది ఏదో వేరుచేసేవారు దొరికితే వారిని వదలవద్దు. అయితే ఈ ప్రశ్నను అందరి ముందూ నిలదీస్తున్నట్టుగా కాక, నడుస్తూ పక్కన చేరి అడుగు. పది మందిలో పరువు తీసుకోవడానికి ఎవరూ ఇష్టపడరు.

ఎక్కువసేపు ఆగవలసిన చోటు అషుర్‌ఖానా. 1590లలో కట్టిన ఈ హాలు గోడల మీద 1611 నాటికి పూర్తయిన రంగుపలకల పని ఉంది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలను కలిపి గోడ మీదే పెద్ద పెద్ద అలమ్‌ల (మొహర్రంలో నిలిపే పీర్ల) ఆకారాలు తీర్చారు. 1908 వరదలో కొంత పని దెబ్బతింది. ఏది పాతదో, ఏది తరువాత సరిచేసినదో గైడును అడిగి, రెండింటికీ దగ్గరగా నిలబడి పోల్చి చూడండి. అది సంతాపం పాటించే చోటు కనుక మొహర్రం రోజుల్లో వినోదయాత్రకు వెళ్ళినట్టు వెళ్ళవద్దు. మసీదులకూ దీనికీ సరిపడేలా కాళ్ళూ భుజాలూ కప్పే బట్టలు వేసుకుని, తలకు చున్నీ, సులువుగా విప్పగల చెప్పులు ఉంచుకోండి. మనుషుల ఫొటో తీసేముందు అడగడం మరవవద్దు.

పొద్దున్నే వెళ్ళడంలో ఒక నష్టం ఉంది. లాడ్ బజార్ దుకాణాలు పదకొండింటి దాకా సరిగా తెరుచుకోవు. లక్క గాజులు చేయడం చూడాలంటే మధ్యాహ్నం మళ్ళీ రావాలి. నిప్పుల వేడికి మెత్తబడిన లక్కను సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, అది గట్టిపడకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతూ పోయే చేతి వేగం చూశాక బేరమాడడానికి నీకే మొహమాటం వేస్తుంది. అయినా బేరమాడు, వాళ్ళూ అదే అనుకుని ధర చెబుతారు. గైడు తీసుకెళ్ళిన దుకాణంలోనే కొనాలన్న నియమం ఏమీ లేదు.

కారు తేవద్దు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి ఆటో ఎక్కండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న