వెలిసిపోయిన పాత కారు పెయింట్‌ని గీకించే ముందు ఇది చేసి చూడండి

"మా నాన్నగారి పాత ఎర్ర కారు ఏళ్ల తరబడి ఎండలోనే ఉండిపోయింది. బానెట్, రూఫ్ గులాబీ రంగుకి తిరిగాయి. చెయ్యి ఆనిస్తే ఎర్రటి పొడి అంటుతోంది. బానెట్ అంచున ఒకచోట చిన్నగా ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కూడా కనబడుతోంది. మొత్తం గీకించి రీపెయింట్ చేయించడమేనా, వేరే దారి ఏమైనా ఉందా?" అని ఒకరు అడిగారు.

ఉంది. పొడి ఎర్రగా అంటుతోందంటే పెయింట్ దక్కే అవకాశం బాగానే ఉన్నట్టు. నా దగ్గరున్న పాత కారుదీ ఇదే రంగు, ఇదే పరిస్థితి. చూసినవాళ్లంతా గీకించేయమనే అన్నారు. గీకించకుండానే దాని రంగు తేరుకుంది. ఎలా చేశానో చెబుతాను, మీ కారుకి ఏది సరిపోతుందో చూసుకోండి.

పాత కార్లకి ఎక్కువగా ఉండేది సింగిల్ స్టేజ్ పెయింట్. రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉంటాయి, పైన క్లియర్ కోట్, అంటే మెరుపు కోసం వేసే రంగులేని పారదర్శక పొర, ఉండదు. రంగు రేణువుల్ని పట్టి ఉంచే రెజిన్‌ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు మెల్లమెల్లగా పాడుచేస్తాయి. అలా పట్టు తప్పిన రేణువులే మీ చేతికి అంటుతున్న పొడి. ఆ గరుకు మీద పడ్డ వెలుగు అన్నివైపులకీ చెదిరిపోతుంది కాబట్టి ఎరుపు పాలిపోయి గులాబీగా కనిపిస్తుంది. చాలాసార్లు ఈ చచ్చిన పొర పల్చగానే ఉంటుంది, కింద అసలు రంగు అలాగే ఉంటుంది. క్లియర్ కోట్ పొరలుగా లేచిపోయిన కారుని ఎంత పాలిష్ చేసినా లాభం లేదు. ఆ లెక్కన పాత పెయింటే నయం.

అయినా ఊహ మీద పని మొదలుపెట్టకండి. తెల్లగుడ్డ మీద కొంచెం పాలిష్ వేసుకుని, డోరు కింది అంచులాంటి కనబడని చోట రుద్ది చూడండి. గుడ్డకి కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టే. మధ్యలో ఎప్పుడో ఒక డోరుకో ఫెండర్‌కో మళ్లీ పెయింట్ వేయించి ఉండొచ్చు, అందుకని ప్రతి ప్యానెల్ మీదా విడివిడిగా చూడాలి. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింట్ ప్రైమర్‌తో కలిపి 100 మైక్రాన్లకి కాస్త అటూ ఇటూగా ఉండటం మామూలే. 300 దాటిందంటే అక్కడ రీపెయింటో, కింద పుట్టీయో ఉండి ఉంటుంది. మీటర్ చెప్పేది మొత్తం మందం మాత్రమే. అందులో రంగు ఎంత, ప్రైమర్ ఎంత అన్నది తెలీదు కాబట్టి అంకె పెద్దగా ఉంది కదా అని ధైర్యం చేయకండి.

ప్రైమర్ కనబడుతున్న చోటుకి టచప్ అన్నిటికంటే ముందే చేసేయండి. నూనె, వ్యాక్స్ పడ్డాక దాని మీద పెయింట్ సరిగ్గా పట్టదు. అది పూర్తిగా గట్టిపడ్డాకే మిగతా పని.

ఇక ముఖ్యమైన మాట. రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్ పై పొరని అరగదీసి కోసే ఘాటైన పేస్ట్) జోలికి నేరుగా వెళ్లకండి. ఎండి పెళుసెక్కిన పెయింట్‌ని అలాగే కోస్తే చచ్చిన పొరతోపాటు కింద బాగున్న రంగు కూడా పోతుంది. తెలిసినవాళ్ల కారు బానెట్ మీద మెషిన్‌తో మొదటే కాంపౌండ్ కొట్టారు. మధ్యలో అద్దంలా వచ్చింది. కానీ మడత తిరిగే అంచు పొడుగునా బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. పోయిన రంగు పాలిష్‌తో రాదు, అక్కడ పెయింట్ వేయించక తప్పలేదు.

నేను ముందు పెయింట్‌కి నూనె పట్టించాను. దీనికి కోసే గుణం లేని, నూనె ఎక్కువగా ఉండే గ్లేజ్ కావాలి. పాత పెయింట్ కోసం చాలామంది వాడేది మెగ్వయర్స్ నంబర్ 7 షో కార్ గ్లేజ్, నేనూ అదే వాడాను. కారుని నీడలో పెట్టి, కార్ షాంపూతో కడిగి, బాగా ఆరనిచ్చి, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. టర్కీ టవల్ ముక్క మీద గ్లేజ్ ధారాళంగా వేసుకుని, కొద్దికొద్ది భాగం చొప్పున గట్టిగా రుద్దాలి. ఈ పనికి మెత్తటి మైక్రోఫైబర్ కంటే టర్కీ గుడ్డే మేలు, దాని పోగులు వదులైన పొడిని పట్టుకొస్తాయి. కాసేపటికే గుడ్డ కుంకుమలో ముంచి తీసినట్టు అవుతుంది, కంగారు పడకండి. ఎండిన పెయింట్ గ్లేజ్‌ని పీల్చేస్తుంది, రుద్దిన చోటే మళ్లీ మచ్చలుగా పాలిపోతుంది. మళ్లీ రాయాలి. పీల్చడం తగ్గేదాకా రాసి, చివర్లో మందంగా ఒక పూత పూసి, తుడవకుండా రాత్రంతా వదిలేయాలి.

నేను మొదట బానెట్ మధ్యగా మాస్కింగ్ టేప్ వేసి ఒకవైపే చేశాను. తెల్లారి తుడిచి టేప్ తీస్తే, ఒకవైపు సుద్ద కలిపినట్టున్న గులాబీ, రెండోవైపు చిక్కటి ఎరుపు. మెరుపు ఇంకా రాలేదు, కానీ రంగు వచ్చేసింది. అప్పటికి కోత అన్నది ఒక్కసారి కూడా పెట్టలేదు. మీరూ ఇలా సగం చేసి చూసుకుంటే, మొత్తం కారుకి చేయాలో వద్దో మీ కళ్లే చెబుతాయి.

పాడైపోయిన రెజిన్‌ని నూనె తిరిగి తెస్తుందనుకోకండి. రేణువుల మధ్య సందుల్లో నిండి రంగుని చిక్కగా చూపిస్తుంది, అంతే. ఇక్కడితో ఆపేస్తే కొన్నాళ్లకి మళ్లీ వెలుస్తుంది. దీని ప్రయోజనం తర్వాతి పనిలో తెలుస్తుంది. నూనె పట్టిన పెయింట్ మీద పాలిష్ సాఫీగా తిరుగుతుంది, తక్కువ కోతతోనే మెరుపు వస్తుంది.

ఆ పాలిష్‌కి మెత్తటి ఫోమ్ ప్యాడ్, దొరికినవాటిలో అన్నిటికంటే సున్నితమైన ఫినిషింగ్ పాలిష్ తీసుకోండి. డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే పాలిషర్) అయితే తక్కువ స్పీడులో. చాలలేదనిపిస్తేనే ఒక మెట్టు ఘాటైనది. ప్యాడ్‌లో చచ్చిన పెయింట్ త్వరగా పేరుకుంటుంది, ప్రతి భాగం తర్వాత బ్రష్‌తో దులపకపోతే అదే పెయింట్ మీద గీతలు పెడుతుంది. మడత గీతలు, అంచుల మీద రంగు అన్నిచోట్లకంటే పల్చన. వాటికి టేప్ వేసి, ఆఖర్న చేత్తో చేయండి. ఎక్కడ ఆపాలన్నది చాలామందికి తెలియదు. గుడ్డకి రంగు అంటడం ఆగాలని చూడకండి, సింగిల్ స్టేజ్‌లో అది ఎప్పటికీ ఆగదు. పెయింట్‌లో బల్బు ప్రతిబింబం అంచులు స్పష్టంగా కనబడుతున్నాయంటే చాలు, అక్కడికి ఆపేయాలి. వేరే రంగు చుక్కంత కనిపించినా ఆ చోటు మళ్లీ ముట్టుకోవద్దు.

మెటాలిక్ రంగైతే నా సలహా వేరు. తళుకునిచ్చే సన్నటి అల్యూమినియం పలుకులు కూడా అదే పొరలో ఉంటాయి కాబట్టి ఎక్కువ రుద్దితే అతుకులు అతుకులుగా కనిపిస్తుంది. నూనె పట్టించి, చాలా తేలికగా పాలిష్ చేసి ఊరుకోవాలి. ల్యాకర్ అనే పాత రకం పెయింట్ మీద సన్నటి పగుళ్లు ఉంటే అవి పెయింట్ లోపలికి దిగినవి, ఏ పాలిష్‌తోనూ పోవు.

పాత ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా శాండ్‌పేపర్ పట్టకండి. చేతులకి గ్లవ్స్, ముక్కుకి మంచి మాస్క్ ఉండాలి. ఆ గుడ్డలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పాలిష్ అయ్యాక ఆలస్యం చేయకుండా కార్నౌబా వ్యాక్స్ (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) పట్టించండి. కారు ఎండలోనే ఉండేదైతే రెండు మూడు నెలలకోసారి మళ్లీ పట్టించాలి, లేకపోతే పొడి తిరిగి వస్తుంది. వీలైతే నీడలోకి మార్చండి. కవర్ వేస్తే గాలి ఆడే గుడ్డ కవర్ వేయండి. ప్లాస్టిక్ కవర్ కింద తేమ నిలిచి పెయింట్ బొబ్బలెక్కుతుంది. గుడ్డ కవరైనా దుమ్ము మీద లాగితే గీతలు పడతాయి, కారు శుభ్రంగా ఉన్నప్పుడే కప్పండి.