చిన్న వాల్వుతో ప్రీయాంప్: ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (చిన్న సిగ్నల్‌ను పెంచే తొలి దశ) చేస్తానని రాశావు కదా; అందుకు పాత 12ఏఎక్స్7 వాల్వును (గాజు ట్యూబును) బ్యాటరీ పెట్టెలో ఇరికించాలన్న ఆలోచన మానుకో. అడ్డం వచ్చేది గాజు బుడ్డి సైజు కాదు, లోపల వేడి పుట్టించే తీగ, అంటే దాని హీటర్. 6.3 వోల్టుల దగ్గర 300 మిల్లీయాంపులు, అంటే రెండు వాట్లకు కాస్త తక్కువ, వేడికే పోతాయి. పైగా ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటుకు వంద వోల్టుల పైమాట. బదులుగా న్యూట్యూబ్ 6పీ1 తీసుకో. జపాన్‌లో కోర్గ్, నోరిటాకే ఇట్రాన్ కలిసి 2015లో ప్రకటించిన జంట ట్రయోడ్ అది, అంటే ఫిలమెంటు, గ్రిడ్, ప్లేటు ఉన్న వాల్వులు ఒకే గాజులో రెండు. వీసీఆర్‌ల మీద నీలి ఆకుపచ్చగా వెలిగే అంకెల డిస్‌ప్లే ఉండేదే, ఆ పద్ధతిలోనే చేస్తారు. బల్లపరుపుగా ఉంటుంది, 12 వోల్టులు చాలు.

ముందు ఫిలమెంటు, అంటే కాగే సన్నని తీగ. ఒక్కోదానికి 0.7 వోల్టులు, 17 మిల్లీయాంపులు. 3.3 వోల్టుల రెగ్యులేటర్ నుంచి ఒక్కోదానికి విడిగా 150 ఓమ్‌ల రెసిస్టరు పెట్టు. రెండింటికీ ఒకే రెసిస్టరు పెడితే కరెంటు సమంగా పంచుకోవు. ఇందులో కాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) వేరే లేదు, ఫిలమెంటే కాథోడ్. సప్లైలో ఉన్న హమ్ (గుయ్‌మనే రొద) నేరుగా పాటలోకి వస్తుంది కాబట్టి ఏసీ అసలు ఇవ్వకు. ఫిలమెంటు ఎర్రగా కనబడలేదని కరెంటు పెంచేవాళ్లుంటారు, అలా చేసే కాలుస్తారు. వెలిగేది ప్లేటు మీది పూత, ఫిలమెంటు కాదు.

పాత వాల్వులు అలవాటైన వాళ్లకు బయాస్ (గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజీ) తిరగేసినట్టు అనిపిస్తుంది. ఇంత తక్కువ ప్లేటు వోల్టేజీలో, కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు ప్లస్ ఇవ్వాలి, సుమారు రెండు వోల్టులు. అదే 3.3 వోల్టులకు అడ్డంగా 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (స్క్రూతో తిప్పి సరిచేసే రెసిస్టరు) పెట్టి, మధ్య కాలు నుంచి 33 కిలో ఓమ్‌ల మీదుగా గ్రిడ్‌కు కలుపు. సిగ్నల్‌ను 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ద్వారా పంపు. గ్రిడ్ ప్లస్‌లో ఉంటే కొద్దిగా కరెంటు లాగుతుంది. గిటార్ పికప్‌ను నేరుగా తగిలిస్తే గొంతు నొక్కినట్టవుతుంది. ముందు బఫర్ (మూలం మీద భారం పడకుండా సిగ్నల్‌ను దాటించే దశ) తప్పదు.

ప్లేటుకు 12 వోల్టుల నుంచి 330 కిలో ఓమ్‌లు. ప్రీసెట్ తిప్పుతూ ప్లేటు దగ్గర 8 వోల్టులు వచ్చేలా చూడు, ఆపైన చెవికి నచ్చినట్టు సవరించుకో. ఇక్కడ ముల్లు మీటరు వాడకు. ఓమ్‌కు 20 కిలో రకమైతే 10 వోల్టుల రేంజిలో దాని సొంత రెసిస్టెన్సే 200 కిలో. అది తగిలిన క్షణం సర్క్యూట్ మారిపోతుంది. 10 మెగా ఓమ్‌ల డిజిటల్ మీటరైతే తేడా పట్టించుకోనక్కర్లేదు.

అదే కారణంగా ప్లేటు తర్వాత కూడా బఫర్ కావాలి. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్ బయటికొచ్చే చోటి అడ్డు) లక్ష ఓమ్‌లు దాటుతుంది. మీటరు పొడవు షీల్డ్ కేబుల్‌లో సుమారు 100 పికోఫారడ్లుంటాయి, అవే పై స్వరాలను మింగేస్తాయి. ఒక్కో చానెల్‌కు ఒక టీఎల్072 (ఒకే చిప్‌లో రెండు యాంప్లిఫయర్లు) చాలు: ఒక సగం ముందు, ఒక సగం వెనక. వెనక సగాన్ని ప్లేటుకు నేరుగా కలపవచ్చు, మధ్యలో కెపాసిటర్ అక్కర్లేదు. ముందు సగానికి మాత్రం 1 మెగా ఓమ్ ద్వారా 6 వోల్టుల ఆధారం ఇవ్వు. రెండు బఫర్ల అవుట్‌పుట్‌లోనూ డీసీ ఉంటుంది: మొదటిదాన్ని ఆ ఫిల్మ్ కెపాసిటరే ఆపుతుంది, చివర మరొకటి పెట్టడం మరవకు.

ఎక్కువమంది విసిగి వదిలేసేది మాత్రం గణగణ దగ్గర. ఫిలమెంటు తీగ బిగుతుగా లాగి ఉంటుంది, వేలితో తడితే స్పీకర్‌లో మోగుతుంది. ట్యూబును చిన్న విడి పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద పెట్టి, కింద మెత్తటి ఫోమ్ పరిచి, సన్నని మెలికల వైర్లతో మెయిన్ బోర్డుకు కలుపు. గట్టి వైర్లు వాడితే ఫోమ్ దండగ, అదురు వాటి గుండానే వస్తుంది. స్పీకర్ ఉన్న పెట్టెలో అసలే పెట్టకు. పిన్నులను గాజు మొదట్లో వంచితే సీలు చిట్లి గాలి చొరబడుతుంది. మొదలును ముక్కు పట్టకారుతో పట్టుకుని, ఆ పైన వంచు.

అన్నీ బిగించాక అరగంట నడవనిచ్చి, ప్లేటు వోల్టేజీ మళ్ళీ కొలిచి ప్రీసెట్ సరిచెయ్యి. రెండు చానెళ్లకూ ఒకే ప్రీసెట్ పెట్టాలని చూడకు, రెండు ట్రయోడ్‌లు అచ్చంగా ఒకేలా ఉండవు.