యజమాని దగ్గర నేరుగా ఇల్లు కొనేటప్పుడు మరమ్మతుల మాట

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాము. గుడిలో పరిచయమై, మేము బాబాయిగారు అని పిలుచుకునే ఒక పెద్దాయన 1985లో కట్టిన తమ ఇంటిని ఏజెంట్లు లేకుండా 4.5 లక్షల డాలర్లకు మాకు అమ్ముతున్నారు. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఫారం మీదనే కాంట్రాక్టు రాసుకున్నాము. ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా తప్పుకోగలిగే గడువు) ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇన్‌స్పెక్షన్‌లో హాలు నేల ఒక మూలకు వాలిందనీ, తలుపుల పైన ఏటవాలు పగుళ్లున్నాయనీ, ఏసీ బయటి యూనిట్ 2006 నాటిదనీ, రూఫ్ మీద వడగళ్ల దెబ్బలున్నాయనీ తేలింది. చిన్నాచితకా లోపాలు ఇంకా చాలా రాశారు. ఆయనేమో "ఏజెంట్ల కమిషన్ మిగులుతుందనే కదా ధర తగ్గించాను" అంటున్నారు. మళ్లీ అడగాలంటే మొహమాటంగా ఉంది. పని చేయించి ఇమ్మనాలా, డబ్బు తగ్గించమనాలా? మా డౌన్‌పేమెంట్ 10 శాతం.

జవాబు: అడగండి. ఆయన తగ్గించినది కమిషన్ మిగిలినందుకే తప్ప, ధర కుదిరిన నాడు మీ ఇద్దరి లెక్కలోనూ లేని లోపాల కోసం కాదు. అయితే ఏమి అడగాలన్నదానికన్నా ముందు గడువు సంగతి చూసుకోవాలి. ఆ ఫారం ప్రకారం ఆప్షన్ పీరియడ్ చివరి రోజు సాయంత్రం 5 గంటలలోపు మీరు రాతపూర్వకంగా తెలియజేస్తే, కారణం చెప్పకుండానే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆప్షన్ ఫీజు (ఈ హక్కు కోసం కట్టిన రుసుము) పోతుంది గాని ఎర్నెస్ట్ మనీ (బయానా) తిరిగి వస్తుంది. ఆ గంట దాటిన తరువాత ఇంటి లోపాల గురించి మీరు ఎంత న్యాయంగా అడిగినా, వినడం వినకపోవడం ఆయన దయ. ఆప్షన్ ఫీజు కాంట్రాక్టు ఖాయమైన మూడు రోజులలోపు, మధ్యవర్తిగా డబ్బూ కాగితాలూ చూసే టైటిల్ కంపెనీకి చేరకపోయి ఉంటే ఈ హక్కే ఉండదు కనుక, రసీదు ఈ రోజే చూసుకోండి. ఫౌండేషన్ చూడడానికి నాలుగు రోజులలో ఇంజనీరు దొరకకపోతే మరికొంత ఫీజు ఇచ్చి గడువు పొడిగించుకోవచ్చు, కాని ఆ అమెండ్‌మెంట్ (కాంట్రాక్టు సవరణ) మీద ఇద్దరి సంతకాలూ పాత గడువు ముగియకముందే పడాలి. "సరేలెండి, తీరిగ్గా చూసుకోండి" అని ఆయన ఫోనులో అన్న మాట పొడిగింపు కిందికి రాదు.

ఇన్‌స్పెక్టరు రిపోర్టులో లోపం ఉన్న ప్రతి అంశం పక్కనా 'డి' (డెఫిషియెంట్, అంటే లోపం ఉంది) అనే గడిలో టిక్కు ఉంటుంది. వంటింటి ప్లగ్గుకు షాకు కొట్టకుండా కరెంటు ఆపే జీఎఫ్‌సీఐ లేకపోయినా అదే టిక్కు, ఫౌండేషన్ కుంగినా అదే టిక్కు. అన్నిటినీ జాబితాగా రాసి పంపితే ఆయనకు మీరు వంకలు పెడుతున్నట్టే కనబడుతుంది. మీ విషయంలో బేరానికి తగినవి మూడే: ఫౌండేషన్, ఏసీ, రూఫ్. మిగిలినవి మీరే చూసుకోండి.

వీటిలో అసలైనది ఫౌండేషన్. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద పరిచిన కాంక్రీటు శ్లాబు కొద్దో గొప్పో కదలని పాత ఇల్లు అక్కడ అరుదు. కాబట్టి నేల వాలిందా అని కాదు, ఎంత వాలింది, ఇంకా వాలుతోందా అని అడగాలి. దానికి జవాబు ఇన్‌స్పెక్టరు చెప్పలేరు. ఫౌండేషన్ రిపేరు కంపెనీ ఉచితంగా వచ్చి చూస్తుంది గాని, శ్లాబు కింద ఊతంగా స్తంభాలు దింపడమే దాని వ్యాపారం కనుక, ఎన్ని దింపాలని అది చెప్పే లెక్కను నేనైతే చివరి మాటగా తీసుకోను. రిపేరు పని చేయని, లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరును మీ ఖర్చుతో పిలిపించి, గదిగదికీ నేల ఎత్తుల కొలతలతో, ఆయన ముద్రతో రిపోర్టు తీసుకోండి. స్తంభాలు అవసరమని ఆయన రాస్తే, ఆ రిపోర్టును బట్టి ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర ఎస్టిమేటు తీసుకోవచ్చు.

ఇందులో చాలామంది మరిచిపోయే ఖర్చు ఒకటుంది. శ్లాబును పైకి లేపినప్పుడు కింద ఉన్న పాత డ్రెయిన్ గొట్టాలు విరగవచ్చు. అందుకే రిపేరుకు ముందూ తరువాతా ఆ గొట్టాలలో నీరు నిలబెట్టి లీకు చూసే హైడ్రోస్టాటిక్ పరీక్ష చేయిస్తారు. ఈ ఒక్క పరీక్షకు అమ్మేవారి రాతపూర్వక అనుమతి విడిగా ఉండాలని కాంట్రాక్టు ఫారంలోనే ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఫౌండేషన్ పని చేయించారేమో బాబాయిగారిని అడగండి. చేయించి ఉంటే ఆ వారంటీ మీ పేరుకు మారుతుందా అన్నది కంపెనీతో తేల్చుకోండి.

ఏసీ బయటి యూనిట్ పక్కన అతికించిన పట్టీ చదవండి. దాని మీద ఆర్-22 అని ఉంటే, ఆ గ్యాసు ఉత్పత్తి, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. పాత నిల్వలతో, శుద్ధి చేసిన గ్యాసుతో నడిపించాలి కనుక ఒక్క లీకు వచ్చినా భారం. రూఫ్ విషయంలో ఇన్‌స్పెక్టరుకన్నా ఇన్సూరెన్సు కంపెనీ మాట ముఖ్యం. పాత రూఫ్‌కు కొన్ని కంపెనీలు అరుగుదల తీసేసిన విలువే చెల్లిస్తామంటాయి. పైగా గాలి, వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరు భరించే భాగం) సాధారణంగా ఇంటి బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది: 4 లక్షల డాలర్ల బీమాకు 2 శాతమంటే 8,000 డాలర్లు మీ జేబులోంచి పోతాయి. కనుక ఆప్షన్ గడువులోనే ఇన్సూరెన్సు కోట్ తెప్పించుకోండి.

ఇక డబ్బా, పనా? నా ఓటు డబ్బుకే. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయే మనిషి పనిని తక్కువలో ముగించాలని చూడడం సహజం. అందులో తప్పు పట్టడానికీ లేదు. కాని డబ్బు ఏ రూపంలో తీసుకుంటారన్నది ముఖ్యం. ధరలో 12,000 డాలర్లు తగ్గిస్తే, 10 శాతం డౌన్‌పేమెంట్ కట్టే మీకు చేతిలో మిగిలేది 1,200 మాత్రమే. మిగతా 10,800 అప్పులో తగ్గుతుంది, అంటే 6.5 శాతం వడ్డీతో 30 ఏళ్ల లోనుకు నెలకు సుమారు 68 డాలర్లు. దానితో ఏసీ రాదు. అదే 12,000 మీ క్లోజింగ్ ఖర్చులకు (ఇల్లు మీ పేరుకు మారే రోజున కట్టేవి) అమ్మేవారు భరించే క్రెడిట్‌గా రాయిస్తే, మీరు ఆ ఖర్చులకు దాచుకున్న సొమ్ము మిగిలి రిపేరుకు పనికివస్తుంది. అయితే ఆ క్రెడిట్ అసలు క్లోజింగ్ ఖర్చులను మించకూడదు, లోనును బట్టి పరిమితి కూడా ఉంటుంది. లోన్ ఆఫీసరును ముందే అడిగి, ఖర్చులకు సరిపడినంత క్రెడిట్‌గా, మిగతాది ధర తగ్గింపుగా రాయించుకోండి. "క్లోజింగ్ అయ్యాక నేను విడిగా చెక్కు ఇస్తాలే" అని ఆయన ప్రేమగానే అనవచ్చు. ఒప్పుకోవద్దు. బ్యాంకుకు చెప్పకుండా ఇచ్చిపుచ్చుకుంటే అది లోను మోసం కిందికి వస్తుంది.

మొహమాటానికి నాకు తెలిసిన మందు కాగితం. ఇంజనీరు రిపోర్టు, ఎస్టిమేట్లు, ఇన్సూరెన్సు కోట్ తీసుకుని వెళ్లి, "బాబాయిగారూ, ఇల్లు మాకు నచ్చింది, కొనాలనే ఉంది, రేపు ఎవరు కొన్నా ఈ మూడూ ఎదురవుతాయి, చూసి మీరే ఒక అంకె చెప్పండి" అనండి. కుదిరిన అంకెను అమెండ్‌మెంటు ఫారం మీద ఇద్దరూ సంతకం చేసి టైటిల్ కంపెనీకి పంపాలి. టైటిల్ కంపెనీ మీ తరఫున సలహా ఇవ్వదు. మధ్యలో ఏజెంటు లేడు కాబట్టి, ఆ ఒక్క కాగితాన్ని రియల్ ఎస్టేట్ లాయరుకు చూపించడానికయ్యే ఫీజుకు వెనకాడవద్దు.

ప్రశ్న: మేము హ్యూస్టన్‌లో ఇదే విధంగా కొంటున్నాము. వాటర్ హీటరు తానే మార్చి ఇస్తానని, పని తనకు బాగా వచ్చని యజమాని అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఆయన పనితనాన్ని శంకించనక్కరలేదు, కాని మీ కాంట్రాక్టు కూడా టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఫారం మీదనే ఉంటే ఆ ఫారం దీనికి ఒప్పుకోదు. విడిగా రాసుకుంటే తప్ప, ఒప్పుకున్న మరమ్మతులు ఆ పనికి లైసెన్సున్నవారు, లైసెన్సు అక్కరలేని పనైతే అదే వృత్తిలో ఉన్నవారు చేయాలి. అవసరమైన పర్మిట్లు తీసుకుని క్లోజింగ్‌కు ముందే ముగించాలి. పని వివరాలు, చెల్లించిన రసీదులు మీకు ఇవ్వాలి. గ్యాస్ హీటరైతే పొగ గొట్టం సరిగా అమరకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది కనుక, పర్మిట్ మీద సిటీ ఇన్‌స్పెక్టరు సంతకం పడే దాకా దాన్ని అయిన పనిగా లెక్కించకండి.

ప్రశ్న: "యాజ్ ఈజ్" (ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటాము) అని రాసి సంతకం చేశాము. ఇక ఏమీ అడగకూడదా?

జవాబు: అడగవచ్చు. యాజ్ ఈజ్ అని రాసినంత మాత్రాన ఇన్‌స్పెక్షన్ చేయించుకోవడానికీ, తరువాత అమెండ్‌మెంటు ద్వారా మరమ్మతులు కోరడానికీ, ఆప్షన్ గడువులో తప్పుకోవడానికీ అడ్డు లేదని టెక్సస్ ఫారం స్పష్టంగానే చెబుతోంది. తనకు తెలిసిన లోపాలను సెల్లర్స్ డిస్‌క్లోజర్‌లో రాసి ఇవ్వవలసిన బాధ్యత కూడా యజమానికి అలాగే ఉంటుంది, ఏజెంటు లేకపోయినా సరే. కాంట్రాక్టు నాటికి అది మీకు అందకపోయి ఉంటే, అందిన 7 రోజులలోపు ఏ కారణంతోనైనా రద్దు చేసుకోవచ్చు.