ఎండలో కుర్చీ

బిడ్డా,

బొగ్గుబాయిలో పనిచేసిన మీ తాత మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ తాత నాకు కనపడలేదు. రెండోసారి, తొమ్మిదో పేజీ చివర ఒక్కచోట కనపడ్డాడు. ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు కోపం తెచ్చుకోకుండా విను. 'కష్టజీవి' అన్నమాట ఐదుసార్లు వాడావు, 'కుటుంబమే ప్రాణం' మూడుసార్లు. గోదావరిఖనిలో ఏ పెద్దమనిషి పోయినా ఫ్లెక్సీ మీద రాసేది ఇవే. ఇక మొదటి రెండు పేజీలు: 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు రావడం. తప్పులేం లేవు. కాకపోతే అప్పటికి మీ తాత పుట్టనే లేదు. కొట్టేయ్.

ఆయన ఫిల్లర్‌గా చేరాడన్నావు. తట్టా చెమ్మాసుతో (పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు, అంటే పట్టాల మీది తొట్టెలు, నింపే పని. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! రిటైరయ్యాక కూడా ఆయన భుజాల్లో ఏది కిందికి ఉండేది? అన్నం కలిపేటప్పుడు వేళ్లు పూర్తిగా ముడుచుకునేవా? నువ్వు పక్కనే కూర్చుని తిన్నదానివి, చూసే ఉంటావు.

మా నాన్నా బాయిలోనే చేశాడు. గోడ మీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో మస్టర్లు, అంటే పనికి పోయిన రోజులు, లెక్కపెట్టుకునేవాడు. కింద దిగి పనిచేసేవాళ్లకు ఏడాదిలో 190 మస్టర్లు నిండితేనే జీతంతో సెలవు దొరికేది. జ్వరమొస్తే అమ్మ ఆయన నుదురు పట్టి చూసేది, ఆయన క్యాలెండర్ వైపు చూసేవాడు. నైట్ షిఫ్టు వారమంతా పగటిపూట మేం గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లం. మా వాడకట్టు పిల్లలు కూడా మా ఇంటి ముందు గోలీలాడేవాళ్లు కాదు. నాన్న నన్ను ఎత్తుకుని ఆడించినట్టు ఒక్క గుర్తూ లేదు నాకు. ఆయనకు మేమంటే ఎంత ప్రేమో రాయాల్సి వస్తే, ఆ పగటి నిద్ర గురించే రాస్తాను.

మీ నానమ్మను అడుగు. 'తాత ఎట్లాంటివాడు' అని మాత్రం అడగకు. 'మంచోడు' అంటుంది, అయిపోతుంది. షిఫ్టు విడిచే వేళ దాటాక ఎంతసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడేదో అడుగు. బాయిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే ల్యాంప్ రూంలో ఎవరి లైటు తిరిగి రాలేదో వాళ్లింకా కిందే ఉన్నారని లెక్క. ఆ లెక్క ఇంట్లో ఆడవాళ్లకు అందదు. వాళ్లు సైకిల్ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లు. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె చేసినప్పుడు నెలకు పైగా పని బంద్ కదా, కిరాణా కొట్టుకు పోయి ఉద్దెర ఎవరు అడిగారు? తాతా, నానమ్మా? అదీ కనుక్కో.

ఇంకోటి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు పంపకంలో తేడా వచ్చి, మీ పెదనాన్న రెండేళ్లు మాట్లాడలేదని నువ్వే ఫోన్లో అన్నావు. వ్యాసంలో అది లేదు. ఇంట్లో గొడవవుతుందన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. అచ్చుకి ఇవ్వాలా వద్దా తర్వాత ఆలోచిద్దాం, ముందు రాయడమైతే రాయి. ఒక్క తప్పూ చేయని తాత కథ నాకైతే నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. 'పొద్దున్నే తాత వాకిట్లో కుర్చీ వేసుకునేవాడు. ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకునేవాడు. మధ్యాహ్నానికి ప్రహరీ గోడ దాకా వచ్చేవాడు.' ఇది చదివి పుస్తకం పక్కన పెట్టినట్టు కాగితాలు పక్కన పెట్టాను కాసేపు. కానీ ఆ వెంటనే నువ్వు తొందరపడి 'జీవితమంతా చీకట్లో గడిపిన మనిషికి వెలుగంటే ఎంత ప్రేమో' అని రాసేశావు. ఆ లైను తీసెయ్. బాయిలో చీకటని చదివేవాళ్లకు తెలుసు.

కొత్తది ఆ కుర్చీ దగ్గరే మొదలుపెట్టు. అది ప్లాస్టిక్‌దా, నవారుదా? రామగుండం ఎండల్లో, మే నెలలో కూడా అక్కడే కూర్చునేవాడా? నానమ్మ తిట్టేదా? ఇప్పుడది ఎక్కడుంది?

ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లతో కావడం లేదు. నానమ్మకు నా నమస్కారాలు చెప్పు.